మనలో లేదనుకున్న జబ్బు

(మన సొసైటీ వార్షిక సభలో చదివిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సభలో మాకు ఇచ్చే విషయం చదువు. ఉర్దూ మీడియం పిల్లలు పదో తరగతి దాటి ఎందుకు పోవటం లేదు, స్కాలర్‌షిప్పు ఫారాలు ఎలా నింపాలి, ఇటువంటివి. పది పన్నెండేళ్లుగా అవే చెప్పుచున్నాము, మీరూ ఓపికగా వింటున్నారు. ఈసారి మేమే వేరే విషయం అడిగి తీసుకున్నాము. కరపత్రంలో 'మద్యపాన వ్యసనం నుండి విముక్తి' అని అచ్చయినది చూసి ఇద్దరు పెద్దలు మా ఇంటికి దయచేశారు. "మాస్టర్ సాబ్, మన సభలో ఈ మాట దేనికి? బయటివాళ్లు ఏమనుకుంటారు? మనలో అది లేదు గదా" అన్నారు. చాయ్ తాగి వెళ్లారు. వారు వెళ్లిన తరువాత మా ఇంటావిడ వేళ్లమీద లెక్కపెట్టింది. మా వీధి మొదలు మసీదు మలుపు దాకా ఇరవై ఆరు ఇళ్లు. అందులో నాలుగిళ్లలో ఉన్నది. ఇటువంటి లెక్క ఆడవాళ్లు వేస్తే తప్పదు.

దేశం మొత్తం లెక్క కూడా ఒకటున్నది. 2019లో కేంద్ర ప్రభుత్వం ఢిల్లీ ఎయిమ్స్ డాక్టర్ల చేత చేయించిన సర్వే బయటికి వచ్చింది. తాగుడువల్ల చెడిపోతున్నవారు, అది లేకపోతే నిలవలేనివారు కలిపి 5 కోట్ల 70 లక్షల మంది అని అందులో తేల్చారు. అలా బానిసలైనవారిలో ఏదో ఒక చికిత్స అందింది 38 మందిలో ఒక్కరికేనట. లెక్క వేసినవారు మన మొహల్లా వచ్చేసరికి పక్క సందులోకి తప్పుకొని పోయి ఉండరు గదా.

ఆ నాలుగిళ్లలో ఒక ఇంటి సంగతి చెబుతాము. ఆ ఇంటాయన అనుమతి తీసుకునే చెప్పుచున్నాము. "పేరు చెప్పకండి, సంగతి మొత్తం చెప్పండి, మీరు చేసింది కూడా చెప్పండి" అన్నాడాయన. మీలో కొందరు మనిషిని గుర్తుపట్టవచ్చు. గుర్తుపట్టినవారు ఆ గుర్తును ఈ హాలులోనే వదిలి ఇళ్లకు వెళ్లాలని కోరుచున్నాము.

ఆయన టైలరు. పెళ్లికి షేర్వానీ కావాలంటే నెల ముందు బట్ట ఇచ్చి, కొలతలు ఇచ్చి, ఆ పైన బతిమాలుకోవలసి వచ్చేది. అంతటి చెయ్యి. కొడుకు మా దగ్గర ఎనిమిదో తరగతి. 2021లో బడులు మళ్లీ తెరిచాక ఈ పిల్లవాడు మొదటి గంటలోనే బల్లమీద తల వాల్చి నిద్రపోయేవాడు. ఇమ్లా చెబుతుంటే సగం వాక్యంలో కలం ఆగిపోయేది. తిట్టాము, నిలబెట్టాము. ఒకనాడు గట్టిగా అడిగితే, "అబ్బాకు షుగరు సర్, రాత్రిళ్లు లేస్తారు, నేను చూసుకోవాలి" అన్నాడు. మేము నమ్మాము. రాత్రి మెంతులు నానబెట్టి పొద్దున్నే ఆ నీళ్లు తాగించమని సలహా కూడా చెప్పి పంపించాము.

ఇంటికి వచ్చి ఈ సంగతి చెబితే మా ఇంటావిడ నవ్వలేదు, ఏడవలేదు. "ఆ ఇంట్లో షుగరంటే ఏమిటో వీధి కుక్కలకు కూడా తెలుసు, మీకు తెలియదా?" అన్నది. ఆ పిల్లవాడు రాత్రంతా గడప దగ్గర కూర్చునేవాడట. తండ్రి బయటికి పోకుండా కాపలా. పోతే వెనకాల పోయి, మురుగుకాలువ పక్కన పడివుంటే లేపి, తెల్లవారి ఫజర్‌కు జనం లేచేలోపల ఇంట్లోకి చేర్చటం. పదమూడేళ్ల పిల్లవాడికి రాత్రి డ్యూటీ. పగలు మా బళ్లో మా చేత తిట్లు.

ఇక మేము చేసింది చెప్పుకోవాలి.

మొదట తౌబా చేయించాము. నలుగురం కలిసి ఆయనను మసీదుకు తీసుకుపోయి, ఖురాన్ మీద చెయ్యి పెట్టించి కసమ్ తీసుకున్నాము. పదకొండు రోజులు నిలబడ్డాడు. పన్నెండోనాడు తాగాడు. ఈసారి మునుపటికంటె ఎక్కువ తాగాడు, ఎందుకంటే ఇప్పుడు తాగుబోతుతనానికి తోడు కసమ్ తప్పిన పాపం కూడా నెత్తిమీదికి వచ్చింది. మసీదుకు రావటం మానేశాడు. మేము పెట్టించిన ఒట్టు వలన దగ్గరున్న ఒక్క తలుపూ మూసుకుపోయిందని మాకు అప్పుడు తోచలేదు.

తరువాత ఎవరో ఆ ఇల్లాలికి ఒక మాత్రల స్ట్రిప్పు ఇచ్చారు. "కూరలో కలిపి పెట్టు, వాసన ఉండదు, తాగితే వాంతి అవుతుంది, దెబ్బకు మానేస్తాడు" అన్నారు. పాపం ఆమె కలిపింది. ఆయన తిని, పోయి తాగి వచ్చాడు. మొహం ఎర్రగా కందిపోయింది, గుండె దడదడలాడింది, నడవలో కూలబడ్డాడు. ఆ రాత్రి గట్టెక్కటం అల్లాహ్ దయ. ఆ మాత్ర పేరు డైసల్ఫిరామ్. అది మంచి మందే, 1940ల నుండి డాక్టర్లు వాడుతున్నదే. కాని తినే మనిషికి తెలిసి, ఒప్పుకొని, డాక్టరు చూస్తూండగా తినాలి. దొంగచాటుగా పెడితే ప్రాణం పోవచ్చు. ఈ సభలో కూర్చున్న అక్కచెల్లెళ్లలో ఎవరి దగ్గరన్నా అటువంటి స్ట్రిప్పు ఉంటే ఇవాళే పారవేయండి.

మూడోది అన్నిటికంటె ఘోరం. 2022 రంజాన్ మొదటి వారం. "షైతాను కట్టుబడివుండే నెల. ఇప్పుడు ఆపిస్తే ఆగిపోతుంది" అని ఒకరన్నారు. అందరికీ నచ్చింది. మేడమీది గదిలో పరుపు వేసి, కుండతో నీళ్లు పెట్టి, సెహ్రీకి, ఇఫ్తార్‌కు కిటికీలోంచి పళ్లెం అందించే ఏర్పాటు చేసి, బయట గొళ్లెం పెట్టాము. గొళ్లెం పెట్టిన నలుగురిలో మేమొకరం.

మొదటిరోజు చెమటలు, చేతుల వణుకు. మంచిదే, లోపలి విషం బయటికి పోతున్నది అనుకున్నాము. రెండోరోజు తెల్లవారుజామున ఒళ్లు బిగుసుకుపోయి కొట్టుకున్నాడు. ఉపవాసం నీరసం అనుకున్నారు ఇంట్లోవాళ్లు. మూడోరోజు గోడమీద చీమలు పాకుతున్నాయని అరిచాడు. చనిపోయిన తండ్రితో మాట్లాడాడు. తరువాత నిమ్మళంగా కూర్చొని, గాలిలో సూది పట్టుకొని, గాలిలో దారం ఎక్కిస్తూ, ఎక్కక మళ్లీ నోట్లో తడిచేసుకొని ఎక్కిస్తూ, గంటలు గడిపాడు. ఆమిల్ సాబ్‌ను పిలిపించారు. సాయా అన్నాడాయన. తావీజు కట్టి, దమ్ చేసిన నీళ్లు చల్లాడు.

ఆ రాత్రి తరావీహ్ మధ్యలో ఎవరో మా కుర్తా లాగారు. ఆ పిల్లవాడు. "సర్, అబ్బా చచ్చిపోతున్నారు. గొళ్లెం నాకు అందటం లేదు. మీరు తీయండి" అన్నాడు.

ఆటోలో వేసుకొని పెద్దాసుపత్రికి పోయాము. ఒళ్లు కాలిపోతున్నది. డ్యూటీలోని డాక్టరమ్మ చూసీ చూడగానే, "ఎన్నేళ్లుగా తాగుతున్నాడు? ఆఖరుసారి ఎప్పుడు తాగాడు? ఎవరు ఆపించారు?" అని అడిగింది. మూడో ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు.

ఆవిడ తరువాత తీరిగ్గా చెప్పిన సంగతి మీకందరికీ అవసరం గనుక వివరంగా చెప్పుచున్నాము. ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషి నరాలు ఆ సారాకు తగ్గట్టుగా సర్దుకొని ఉంటాయి. ఒక్కసారిగా ఆపివేస్తే అవి తాడు తెంచుకున్న ఎద్దులాగా లేస్తాయి. కొన్ని గంటల్లోనే వణుకు మొదలవుతుంది. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులు దాటాక కొందరికి మతి చెదిరి, లేనివి కనపడి, జ్వరం పెరుగుతుంది. దీన్ని డాక్టర్లు డెలీరియం ట్రెమెన్స్ అంటారు. చికిత్స లేకపోతే కొందరు పోతారు కూడా. దీనికి నరాలను నిమ్మళింపజేసే మందు మొదట ఎక్కువగా ఇచ్చి రోజురోజుకూ తగ్గిస్తారు, బి-1 విటమిన్ సూదులు ఇస్తారు. ఇది సాయా కాదు, పిరికితనమూ కాదు. మానవద్దని కాదు ఆవిడ చెప్పింది. రోజూ తాగేవాడు మానేటప్పుడు ఆసుపత్రికి తెలిసి మానాలన్నది.

తొమ్మిది రోజులు ఉంచారు. పంపించేటప్పుడు డాక్టరమ్మ, "మా పని పది రోజులది. ఆ తరువాతది మాత్రల పని కాదు, ఏ.ఏ.కు పంపండి" అన్నది. మేము కాగితం, పెన్ను తీసి, "ఏ మందుల షాపులో దొరుకుతుందండీ?" అన్నాము. నర్సమ్మ నవ్వి ఒక ఫోను నంబరు రాసిచ్చింది.

ఏ.ఏ. అనగా ఆల్కహాలిక్స్ అనానిమస్. పేరు చెప్పుకోని తాగుబోతుల సంఘం అనుకోవచ్చు. అదేమిటో తెలియాలంటే అది పుట్టిన తీరు తెలియాలి.

1935 మే నెల. అమెరికాలో ఆక్రన్ అనే ఊరు. న్యూయార్కు నుండి బిల్ విల్సన్ అనే షేర్ల వ్యాపారి ఒక బేరం కోసం వచ్చాడు. పెద్ద తాగుబోతు. అయిదారు నెలలుగా మానివున్నాడు. బేరం చెడిపోయింది. జేబులో డబ్బు లేదు. హోటల్ వరండాలో ఒక పక్క సారా తాగే గది, అందులోంచి నవ్వులు. ఇంకో పక్క టెలిఫోను. మానివున్న ఆ నెలల్లో ఈయన ఎందరో తాగుబోతులకు హితబోధ చేశాడు. ఒక్కడూ మానలేదు. కాని వాళ్లతో మాట్లాడుతున్నంత కాలం తాను మాత్రం తాగలేదన్న సంగతి అప్పుడు స్ఫురించింది. వెంటనే ఫోను దగ్గరకు పోయి, ఆ ఊరి చర్చిల పట్టిక చూసి, ఒక్కొక్కరికే ఫోను చేస్తూ, మాట్లాడటానికి నాకొక తాగుబోతు కావాలి అని అడిగాడు! చివరికి ఒక ఇల్లాలు డాక్టర్ బాబ్ స్మిత్ అనే సర్జనుతో కలిపింది. ఆ డాక్టరు పావుగంటకంటె కూర్చోనని చెప్పి వచ్చి, గంటల తరబడి కూర్చుండిపోయాడు. ఆయన ఆఖరుసారి తాగిన 1935 జూన్ 10వ తేదీనే ఆ సంఘం పుట్టినరోజుగా లెక్కిస్తారు. ఇద్దరు తాగుబోతులు, రెండు కుర్చీలు. అంతకుమించి పెట్టుబడి లేదు. తన ఊళ్లో అటువంటి మీటింగు ఎక్కడుందా అని ఇవాళ ఫోను పట్టుకొని వెతికే మనిషి, ఆ బిల్ విల్సన్ చేసిన పనే చేస్తున్నాడు.

సరే, మేమూ ఫోను చేశాము. "మా మనిషి ఒకాయన..." అని కథ మొదలుపెట్టగానే అవతలి గొంతు, "ఆయనకు ఫోను ఇవ్వగలరా అండీ?" అన్నది. అంత ముక్తసరిగా మాట్లాడితే మాకు కొంచెం కోపం కూడా వచ్చింది. ఫోను ఆయన చేతికి ఇచ్చాము. నలభై నిముషాలు. ఆయన "అవునండీ", "నాకూ అంతేనండీ" తప్ప వేరే ఏమీ అనలేదు. ఫోను పెట్టేసి, "మాస్టర్ సాబ్, ఆయన కూడా ఇంట్లో షుగరనే చెప్పేవాడట" అన్నాడు.

మీటింగు మన ఊళ్లో లేదు. పక్క పట్నంలో, బస్సులో గంట ప్రయాణం. వారానికి రెండు సాయంకాలాలు, ఏడు గంటలకు. చోటు ఒక చర్చి ఆవరణలోని గది. ఊరి పేరు చెప్పటం లేదు. వాళ్ల నియమమే పేరు దాచటం, మేము దానిని గౌరవించాలి.

చర్చి అనేసరికి మొహల్లాలో గొడవ లేచింది. మతం మారుస్తారన్నారు. సారా మాన్పించి సిలువ మెడలో వేస్తారన్నారు. మూడేళ్లుగా ఆయన మురుగుకాలువ పక్కన పడివున్నప్పుడు ఆయన దీన్ గురించి ఇంత బెంగ ఎవరికీ కలగలేదు. అయినా, మాకూ లోపల అనుమానం లేకపోలేదు. అందుకని మేమూ వెంటపోయాము. వాళ్ల మీటింగులు రెండు రకాలు. తాగుడు సమస్య ఉన్నవారికి మాత్రమే అయినవి కొన్ని, ఎవరైనా వచ్చి కూర్చోగలవి కొన్ని. మేము పోయింది రెండో రకానికి. బస్టాండు దగ్గరి మసీదులో మగ్రిబ్ చదువుకొని నడిచి పోయాము.

ప్లాస్టిక్ కుర్చీలు పదో పన్నెండో. ఫ్లాస్కులో టీ. ఒక బ్యాంకు ఉద్యోగి, ఒక ఆటో డ్రైవరు, రిటైరైన పోలీసాయన, ఇంకా మీసాలు సరిగా రాని ఒక కుర్రవాడు. ఒక్కొక్కరు తన పేరు చెప్పి, నేను తాగుబోతును అని చెప్పి, తన సంగతి చెప్పుకున్నారు. ఒకరు మాట్లాడుతూంటే ఇంకొకరు అడ్డం రారు. సలహా చెప్పరు. మాలాంటి ఉపాధ్యాయుడికి అది ఎంత కష్టమో చెప్పలేము, రెండుసార్లు నోరు తెరిచి మూసుకున్నాము. చివర ఒక డబ్బా తిరిగింది. వేయగలిగినవాడు పదో ఇరవయ్యో వేశాడు, లేనివాడు పక్కవాడికి అందించాడు. ఫీజు లేదు, రిజిస్టరు లేదు, సంతకం లేదు. తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే సభ్యత్వం.

వాళ్లకు పన్నెండు మెట్లని ఒక పద్ధతి ఉన్నది. తాగుడు ముందు నేను ఓడిపోయానని ఒప్పుకోవటం మొదటి మెట్టు. నాకంటె పైన ఒక శక్తి ఉన్నదని నమ్మి, ఎవరి దేవుణ్ణి వాళ్లు తలుచుకొని, తనను ఆయనకు అప్పజెప్పుకోవటం, చేసిన తప్పులు లెక్కరాసుకోవటం, ఎవరికి అన్యాయం చేశామో వాళ్ల దగ్గరకు పోయి సరిదిద్దుకోవటం, ఇలా సాగుతుంది. మనవాడి వంతు వచ్చింది. ఇంట్లో మాట్లాడే ఉర్దూలో మొదలుపెట్టి, నాలుగు మాటల తరువాత తెలుగులోకి వచ్చాడు. అల్లాహ్ అన్నాడు. ఎవరూ తల తిప్పలేదు. రిటైరైన పోలీసాయన, "మళ్లీ రండి భాయ్" అన్నాడు. ఆ రాత్రి మేము గమనించింది ఒకటే. తౌబా అంటే మనం నేర్చుకున్నది ఏమిటి? తప్పు ఒప్పుకోవటం, పశ్చాత్తాపపడటం, మళ్లీ చేయననుకోవటం, మనుషులకు బాకీపడితే తీర్చటం. మసీదులో మేము ఆయన చేత చేయించింది మధ్యలోని ఒక్క ముక్క. మిగతాది ఆ చర్చి గదిలో కుర్చీలమీద చూశాము.

ఆనాటితో కథ సుఖాంతం కాలేదు. నాలుగు నెలలు మానేశాడు. చేతి వణుకు తగ్గింది, సూదిలో దారం ఒకే దెబ్బకు ఎక్కేది. 2022 సెప్టెంబరులో తమ్ముడి వలీమాకు పోయి, వరసైనవాళ్లు బలవంతపెడితే మళ్లీ పట్టాడు. మొహల్లా చేతులు దులుపుకున్నది. మేమూ, నిజం చెప్పాలి, ఆయన ఎదురైతే పాన్ డబ్బా పక్కకు తప్పుకున్నాము. ఇంత చేస్తే ఇదా అని మా బాధ. ఆ అర్ధరాత్రి ఆయన ఫోను చేసింది మాకు కాదు, ఆటో డ్రైవరుకు. వాళ్లలో పాతవాడు కొత్తవాడి చెయ్యి పట్టుకొని నడిపిస్తాడు, అతన్ని స్పాన్సర్ అంటారు. అతను పక్క పట్నం నుండి తన ఆటోలోనే వచ్చాడు. తెల్లవారేదాకా అరుగుమీద కూర్చున్నాడు. పొద్దున్నే ఆసుపత్రికి తీసుకుపోయాడు. వారం తరువాత అదే కుర్చీలో కూర్చొని మనవాడు, మళ్లీ ఒకటో రోజు నుండి లెక్క మొదలుపెట్టాడు. ఎవరూ మందలించలేదట. తాము పడిన గుంటలోనే ఇంకొకడు పడితే ఎవరు మందలిస్తారు? అప్పటినుండి ఈ ప్రసంగం రాసే రోజు దాకా ఆయన తాగలేదు. "ఇవాళ్టి దాకా" అని రాయమన్నాడు. రేపటి సంగతి వాళ్లు చెప్పరు.

పెద్దలకు ఒక సంగతి గుర్తుచేయాలి. మన ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం కాలంలోనే పదేపదే తాగి పట్టుబడి శిక్షపడిన ఒకాయన ఉన్నాడు. పక్కనున్నవారు శపిస్తే, శపించవద్దని ప్రవక్త వారించారు. ఆ మనిషి అల్లాహ్‌ను, ఆయన ప్రవక్తను ప్రేమించేవాడని సాక్ష్యం కూడా చెప్పారు. సహీహ్ బుఖారీలో ఉన్నదే. సారా హరామ్ అన్న ఆజ్ఞ కూడా ఒక్కసారిగా దిగలేదు, దశలవారీగా దిగింది. హరామ్‌ను హలాల్ చేయమని ఎవరూ అనటం లేదు. మనం శపించటానికి చూపే తొందర గురించే మా మాట.

షాపులు మూయించితే చాలునని కొందరంటారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్లు రోశమ్మగారితో కలిసి సారా పాకమీదికి పోయారు. 1993లో సారా ఆగింది. 1995లో రాష్ట్రమంతటా సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో ఎత్తివేశారు. ఆ తల్లులకు వెయ్యి సలాములు. కాని షాపు మూసిన రాత్రి, వణికే మనిషి ఇంట్లోనే ఉంటాడు గదా.

ఆ ఇల్లాలి సంగతి ఒక్కమాట. 1951లో ఇటువంటివారి కుటుంబాల కోసం అల్-అనాన్ అని వేరే సంఘం పుట్టింది. ఆ పట్నంలో అది లేదు. కాని ఆటో డ్రైవరు భార్య, ఈమె ఫోనులో మాట్లాడుకుంటారు. ఈమె నేర్చుకున్నది ఏమిటని మా ఇంటావిడ అడిగితే, "సీసాలు వెతకటం మానేశాను, షాపు యజమానికి జ్వరమని అబద్ధం చెప్పటం మానేశాను, కొడుకును రాత్రి పడుకోబెట్టాను" అన్నదట. మూడోది మా బళ్లో మాకు కనబడింది.

ఇదంతా నిజంగా పనిచేస్తుందా అని చదువుకున్నవారు అడుగుతారు. 2020లో కొక్రేన్ వారు 27 అధ్యయనాలు, పదివేల పైచిలుకు మంది సమాచారం కలిపి చూసి, పూర్తిగా మానివుండటం విషయంలో ఈ పద్ధతి మిగతా చికిత్సలకు తీసిపోదని, కొన్నిటికంటె మెరుగని తేల్చారు. అందరికీ సరిపడుతుందని కాదు. కొందరికి డాక్టరు మందులు, కౌన్సెలింగ్ ఎక్కువ మేలు చేస్తాయి, రెండూ కలిపి చేసుకునేవారూ ఉన్నారు.

వెతుక్కునే దారి కూడా చెప్పి ముగిస్తాము. కేంద్ర ప్రభుత్వ వ్యసన విముక్తి ఫోను 14446, మనసు బాధలకు టెలి మానస్ 14416. రెండూ ఉచితం, పేరు చెప్పనక్కరలేదు. ప్రభుత్వ పెద్దాసుపత్రిలో మానసిక విభాగం వారిని అడగండి, మీటింగులు ఎక్కడ జరుగుతాయో వారికి తెలిసివుంటుంది. ఊళ్లో లేకపోతే ఫోనులో కూడా మీటింగులున్నాయి, 2020 కరోనా నుండి బాగా పెరిగాయి. మీటింగుకు డబ్బు కట్టమంటే అది ఏ.ఏ. కాదని గ్రహించండి. నెలకు ఇన్ని వేలని తీసుకొని, కొట్టి, గొలుసులతో కట్టేసి మాన్పిస్తామనే చోటికి మీ మనిషిని అప్పజెప్పకండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులతో కట్టటాన్ని నిషేధించింది. గొళ్లెం పెట్టినవారం గనుక ఈ మాట చెప్పే అర్హత మాకు తక్కువ, అయినా చెప్పుచున్నాము.

ఇక మన సొసైటీ విషయం. నిరుడు కమిటీలో మేము ఒక ప్రస్తావన తెచ్చాము. ఆ పట్నం గ్రూపువారు మన ఊళ్లో వారానికి ఒక సాయంకాలం మీటింగు నడపటానికి సిద్ధంగా ఉన్నారు. చోటు కావాలి. మన భవనం వెనక, పాత బెంచీలు పడేసిన గది ఖాళీగా ఉన్నది, సందులోంచి వేరే తలుపు కూడా ఉన్నది. వచ్చేవాడు ముందు గుమ్మం ఎక్కనక్కరలేదు. కమిటీలో మాటలు రెండు విధాలుగా సాగాయి. సొసైటీ పేరు తాగుబోతులతో కలపవద్దని కొందరు. ఇస్తే గొప్పగా ఇద్దాము, బ్యానరు కట్టి, ఎమ్మెల్యేగారిని పిలిచి ప్రారంభోత్సవం చేద్దామని కొందరు. ఈ రెండోవారి ఉత్సాహం చూసి మాకు మొదటివారే నయమనిపించింది.

ఆ గ్రూపువారు ఉచితంగా గది తీసుకోరు. బయటివారి విరాళం పుచ్చుకోకూడదని వారి నియమం. డబ్బాలో పడిన చిల్లరలోంచే అద్దె కడతారు, ఎంత తక్కువైనా కడతారు. బ్యానరు కట్టనివ్వరు. ఎవరు వచ్చారో మనకు చెప్పరు, మనం అడగకూడదు. హిందువులు వస్తారు, క్రైస్తవులు వస్తారు, మనవాళ్లూ వస్తారు. మన దీన్‌కు ఇది పొసగదనే భయం ఉన్నవారు ఒకటి వినాలి. 1989లో అమెరికాలోని బాల్టిమోర్‌లో ముస్లింలే కొందరు ఈ పన్నెండు మెట్లను తమ ఇబాదత్‌కు అనుగుణంగా దిద్దుకొని మిల్లతి ఇస్లామీ అని పెట్టుకున్నారు. మనం అంతదూరం పోవలసిన పని లేదు. ఒక గది ఇస్తే చాలు.

కమిటీ ఈ విషయాన్ని వచ్చే సమావేశానికి వాయిదా వేసింది, ఆ సమావేశం ఈ నెలలోనే ఉన్నది. బెంచీలు ఎత్తించే ఖర్చు మేము పెట్టుకుంటాము. కుర్చీల గలీబులు కుట్టి ఇస్తానని ఒక టైలరు ముందుకు వచ్చాడు, కొలతలకు తన కొడుకును పంపిస్తాడట. ఆ పిల్లవాడు ఇప్పుడు ఇంటర్మీడియట్. సందు తలుపు తాళంచెవి ప్రస్తుతం కార్యదర్శిగారి దగ్గరే ఉన్నది.

వస్సలాం.